10 సిట్టింగ్స్ అని ముందే ఎలా చెప్తారు?

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. మెడ నుంచి భుజం దాకా నొప్పి, రెండేళ్లు దాటింది, వారానికి మూడ్రోజులు ఫిజియోకి వెళ్తుంది, కరెంట్ పెడతారు, వేడి కాపడం పెడతారు, ఇంటికొచ్చేస్తుంది. "ఇంకా ఎన్ని సిట్టింగ్స్ కావాలండీ అని అడిగితే తగ్గేదాకా రావాలమ్మా అన్నార్రా, ఎప్పటికి తగ్గుద్దిరా ఇది" అంది. నా దగ్గర సమాధానం లేదు, కోపం మాత్రం వచ్చింది, ఆ కోపంతోనే ఇది రాస్తున్నా, లెంగ్త్ ఎక్కువైతే క్షమించండి.

ఎందుకంటే నాకు సరిగ్గా దీనికి ఉల్టా జరిగింది. నాది నడుం నొప్పి, ఏడో ఏడు నడుస్తోంది. మొదటిసారి ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు స్కాన్ రిపోర్ట్ చూశారు, నొప్పి పదికి ఎంత అని అడిగారు, ఏడు అన్నా, 10 సిట్టింగ్స్ అని చీటీ మీద రాసిచ్చారు. అంతే. వంగితే ఏమవుతుందని భయపడుతున్నావు, రాత్రుళ్లు నిద్ర పడుతోందా, ఉద్యోగం చెయ్యగలుగుతున్నావా, ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. పక్క మంచం మీద ఆవిడకి మోకాలు, ఆవిడకీ పదే. పదకొండో రోజు నుంచి నా సంగతి ఎవరికీ పట్టలేదు. తగ్గకపోతే మళ్లీ ఇంకో పది కట్టమన్నారు.

అసలు మూడు నెలలు దాటి ఉండే నొప్పినో, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పినో క్రానిక్ పెయిన్ అంటారు. దెబ్బ తగిలిన కొత్తలో వచ్చే నొప్పికీ దీనికీ చాలా తేడా. అప్పుడు నొప్పి ఎంతుందో చూసి లోపల ఎంత దెబ్బతిందో కొంతవరకైనా అంచనా వెయ్యొచ్చు. నెలలు, ఏళ్లు గడిచాక చాలామందిలో ఆ లెక్క పనిచెయ్యదు, గాయం మానిపోయినా నరాల వ్యవస్థ మాత్రం చిన్న విషయానికి కూడా పెద్దగా స్పందించేలా తయారవుతుంది. స్కాన్ సంగతీ అంతే. 2015లో ఒక పెద్ద రివ్యూ (అంతకుముందు జరిగిన పరిశోధనల్ని కలిపి చూడటం) వచ్చింది, అసలు నడుం నొప్పే లేనివాళ్ల స్కాన్లు మాత్రమే తీసుకుని చూస్తే ఇరవయ్యేళ్ల వాళ్లలో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నొప్పి లేనివాళ్లకి! నేనేమో నా రిపోర్టులో "డిస్క్ అరిగింది" అన్న లైను చదివి నాలుగేళ్లు వంగడం మానేశా. వంగకపోతే నడుం ఇంకా బిగుసుకుపోయింది, బిగుసుకుపోతే నొప్పి పెరిగింది, నొప్పి పెరిగితే భయం పెరిగింది. ఆ నాలుగేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మరి ఎంత ట్రీట్‌మెంట్ కావాలో దేన్ని బట్టి చెప్పాలి? నొప్పి నంబర్ని బట్టి కాదు అన్నది నా గట్టి అభిప్రాయం. నాకు పొద్దున ఆరు, మధ్యాహ్నం నాలుగు, నిద్ర పట్టని రాత్రి తర్వాత తొమ్మిది, మరి ఏ నంబర్ చూసి రాస్తారు? ఆ నొప్పి వల్ల మనిషి ఏం చెయ్యలేకపోతున్నాడు, ఎంత భయపడుతున్నాడు, నిద్ర ఎలా ఉంది, దిగులు ఎంత ఉంది, ఇవి చూడాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఇంగ్లాండ్‌లో కీల్ యూనివర్సిటీ వాళ్లు నడుం నొప్పి కోసం స్టార్ట్ బ్యాక్ అని తొమ్మిది ప్రశ్నల ఫారం తయారుచేశారు, అందులో సగానికి పైగా ప్రశ్నలు భయం, బెంగ, దిగులు, నొప్పి ఎంత విసిగిస్తోంది అన్నవాటి గురించే. ఆ నొప్పి వదలకుండా ఉండిపోయే రిస్క్ ఎంతుందో స్కోర్ బట్టి చూసి మూడు గుంపులు చేస్తారు. రిస్క్ తక్కువున్న వాళ్లకి ఒక్క సిట్టింగ్ చాలు, బాగా పరీక్ష చేసి, అర్థమయ్యేలా చెప్పి, ధైర్యమిచ్చి పంపిస్తారు. మధ్యలో వాళ్లకి ఫిజియోథెరపీ. రిస్క్ ఎక్కువున్న వాళ్లకి ఫిజియోతో పాటు ఆ భయం, దిగులు మీద కూడా పని చేస్తారు. 2011లో 851 మంది మీద చేసిన ట్రయల్‌లో ఇలా విడగొట్టి ఇచ్చిన ట్రీట్‌మెంట్ మామూలు పద్ధతి కంటే మెరుగ్గా పనిచేసింది, ఖర్చూ తగ్గింది. అంటే కొందరికి తక్కువ ఇవ్వడం కూడా మంచి వైద్యమే! ఆ ఒక్క సిట్టింగ్‌తో సరిపోయే మనిషిని నెలల తరబడి తిప్పితే "నా ఒళ్లు పాడైపోయింది, ఎవరో ఒకరు రోజూ బాగుచెయ్యాలి" అనే నమ్మకం మనసులో నాటుకుపోతుంది. అక్కకి జరుగుతున్నది అదేనని నా భయం.

ఇంకోవైపు చూడండి. 2001లో వచ్చిన ఒక రివ్యూలో, ఏళ్ల తరబడి నడుం నొప్పితో కుంగిపోయిన వాళ్లకి డాక్టర్, ఫిజియో, సైకాలజిస్ట్ అందరూ కలిసి వంద గంటలకి పైగా చేసిన ప్రోగ్రాములు పనిచేశాయనీ, తక్కువ గంటలవి అంతగా పనిచెయ్యలేదనీ తేలింది. వంద గంటలెక్కడ, అరగంట చొప్పున 10 సిట్టింగ్స్ ఎక్కడ. సరే, ఇదే ఫైనల్ అని కూడా నేననను, తర్వాత 2014లో వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ 41 ట్రయల్స్ కలిపి చూసిన రివ్యూలో గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుందా అన్నదానికి స్పష్టమైన సమాధానం రాలేదు. ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేస్తున్నవాళ్లకే ఒక నంబర్ తేలలేదు, కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో ఎలా తేలుతుంది చెప్పండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి నంబర్ కావాలి, పేషెంట్ కూడా "ఎన్ని రోజులండీ" అనే అడుగుతాడు, అది నాకూ తెలుసు, నేనూ అడిగినవాణ్ణే. నంబర్ చెప్పండి, కాదనను. కానీ దాని పక్కన ఇంకో తేదీ రాయండి, ఆ రోజు కూర్చుని ఏం మారిందో చూద్దాం, మారితే తగ్గిద్దాం, మారకపోతే ప్లాన్ మారుద్దాం అని. అదే పద్ధతి ఇంకో పది చేయించడం ప్లాన్ మార్చడం కాదు కదా.

సైకాలజిస్ట్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. నన్ను మొదటిసారి పంపిస్తామన్నప్పుడు నాకు చెప్పలేనంత అవమానంగా అనిపించింది, నొప్పంతా నటన అంటున్నారా అని ఇంటికొచ్చి గోల చేశా. ఇంట్లోవాళ్లు కూడా "అయితే అంతా నీ మనసులోనే ఉందన్నమాట" అన్నారు. కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2020లో నిర్వచనాన్ని సవరించి, నొప్పిగా ఉందని మనిషి చెప్తే ఆ మాటని గౌరవించాలని స్పష్టంగా రాసింది. నొప్పి నిజం. దాని చుట్టూ పెరిగిన భయమూ నిజం, నిద్రలేమీ నిజం, వాటికీ ట్రీట్‌మెంట్ కావాలి. పంపించేవాళ్లు ఈ రెండు ముక్కలు ముందే చెప్తే నేను ఎనిమిది నెలలు ఆలస్యం చేసేవాణ్ణి కాదు.

రెండో ఫిజియో దగ్గర నాకు జరిగింది చెప్తా. ఆవిడ నొప్పి ఎంత అని అడగలేదు, "ఏం చెయ్యలేకపోతున్నారు, మూడు చెప్పండి" అంది. మా పాపని ఎత్తుకోవడం, గంటసేపు కుర్చీలో కూర్చుని పని చేసుకోవడం, రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోవడం, ఈ మూడూ కాగితం మీద రాసింది. మొదటి మూడు వారాలు వారానికి రెండుసార్లు రమ్మంది, తర్వాత వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, ప్రతి నాలుగో వారం ఆ కాగితం తీసి చూసేవాళ్లం. నొప్పి లేని రోజు ఒళ్లు హూనమయ్యేలా పని చేసి మర్నాడు మంచమెక్కే అలవాటు నాది, దాన్ని మాన్పించడానికే సగం టైం పట్టింది. నొప్పి ఎక్కువున్నా తక్కువున్నా పన్నెండు నిమిషాలే నడక, వారం తర్వాత పధ్నాలుగు. మధ్యలో ఒకసారి నొప్పి బాగా ఎగదన్నింది, మళ్లీ మొదటికొచ్చిందని బెంబేలెత్తా, ఆవిడ మాత్రం కొత్తగా సిట్టింగ్స్ పెంచకుండా, అలాంటప్పుడు ఇంట్లో నేనే ఏం చేసుకోవాలో రాసిచ్చింది. దానంతటదే ఐదు రోజుల్లో సర్దుకుంది. మొత్తం 14 సార్లు వెళ్లా, సైకాలజిస్ట్ దగ్గరికి ఆరుసార్లు. మరి ఎందుకు ఆపామంటే నొప్పి పోయిందని కాదు, నొప్పి ఇప్పటికీ ఉంది. అది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలిసింది, అందుకు ఆపాం. పాపని ఎత్తుకుంటున్నా. కుర్చీలో గంట కూర్చోగలుగుతున్నా. నిద్ర మాత్రం ఇంకా పూర్తిగా కుదర్లేదు.

అక్కకి పొద్దున మెసేజ్ పెట్టా, రేపు వెళ్లినప్పుడు మూడు అడుగు అని. ఈ ట్రీట్‌మెంట్ వల్ల నేను ఏ పని మళ్లీ చెయ్యగలగాలి? అది జరుగుతోందో లేదో ఏ రోజు చూస్తాం? జరక్కపోతే ఏం మారుస్తారు?

"నాకు నోరు రాదురా, నేను స్పీకర్లో పెడతా, నువ్వు అడుగు" అని రిప్లై ఇచ్చింది. రేపు పదకొండింటికి ఆఫీసులో పర్మిషన్ పెట్టా.