స్విచ్ కట్టేసిన ఇంట్లో రాత్రి రెండింటి బ్యాకప్

కర్నూలు పాతబస్తీలో మా మేనమామ ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉంది. పన్నెండేళ్లుగా ఆయన దాని మీద పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు కంపోజ్ చేసి ఊళ్లోని ప్రెస్సులకు ఇస్తున్నారు. పోయిన వేసవిలో దాని హార్డ్ డిస్కు చెడిపోయినప్పుడు ఆయన పెద్దగా కంగారు పడలేదు. పక్కనే నల్లటి ఎక్స్‌టర్నల్ డిస్కు ఉంది, రోజూ రాత్రి రెండు గంటలకు అన్నీ అందులోకి కాపీ అవుతాయని దాన్ని అమర్చిన మనిషి చెప్పి వెళ్లాడు. ఆ డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూస్తే, అందులో చివరి బ్యాకప్ తేదీ పద్నాలుగు నెలల కిందటిది. "ఆటోమేటిక్ అని పెట్టిపోయినాడు కదప్పా, మళ్లా మనమేం చేయాల?" అని మామ అడిగారు. జవాబు ఆ గది గోడ మీదే ఉంది. రాత్రి పదింటికి పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేసినట్టే, కంప్యూటర్‌కూ డిస్కుకూ కరెంటు ఇచ్చే స్విచ్‌ను కూడా కట్టేయడం ఆ ఇంట్లో మా అత్తకు ఏళ్ల అలవాటు. అమర్చిన రోజు చేత్తో ఒకసారి నడిపించి చూసిన బ్యాకప్పే మొదటిది, చివరిది కూడా అదే.

ఇలాంటి సందర్భాలు నా ఎరుకలోనే ఇంకా ఉన్నాయి. వాటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంటి కంప్యూటర్లలో ఆటోమేటిక్ బ్యాకప్ ఆగిపోవడానికి ప్రోగ్రామ్‌లోని లోపం కారణం కావడం తక్కువే అనిపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ కొన్ని విషయాలను ముందే నమ్మి పని మొదలుపెడుతుంది: యంత్రం రాత్రంతా వెలుగుతూ ఉంటుంది, డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంటుంది, ముఖ్యమైన ఫైళ్లన్నీ తాను వెతికే ఫోల్డర్లలోనే ఉంటాయి. ఆఫీసులో ఈ మూడూ చాలావరకు నిజం, మన ఇళ్లలో మూడూ అబద్ధమే. కాబట్టి బ్యాకప్ ఎందుకు ఆగిందో వెతికేవారు సెట్టింగులు తెరవడానికి ముందు, ఆ ఇంట్లో కంప్యూటర్‌ను ఎవరు, ఎప్పుడు, ఎలా వాడుతున్నారో కూర్చుని అడగాలని నా అభిప్రాయం.

మొదట వేళ సంగతి. విండోస్‌లో ఏ పని ఎప్పుడు నడవాలో చూసుకునేది టాస్క్ షెడ్యూలర్. అందులో ఒక పనిని మనం కొత్తగా చేర్చినప్పుడు, మనం మార్చకపోతే రెండు సంగతులు అలాగే ఉండిపోతాయి. ఒకటి, యంత్రం బ్యాటరీ మీద ఉంటే పని మొదలు కాదు, మధ్యలో బ్యాటరీకి మారితే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌ను మంచం మీద పెట్టుకుని వాడే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క టిక్కే నెలల తరబడి బ్యాకప్‌ను ఆపగలదు. రెండు, చెప్పిన వేళకు యంత్రం ఆగి ఉంటే ఆ పని తప్పిపోయినట్టే, మర్నాడు ఉదయం ఆన్ చేసినప్పుడు దానంతట అది నడవదు. తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడిపించమని చెప్పే గడి ఒకటి అక్కడే ఉంటుంది కానీ, దాన్ని మనమే టిక్ చేయాలి. అయితే ఆ గడి మీద ఆధారపడటం కన్నా, యంత్రం తప్పకుండా వెలుగుతూ ఉండే వేళను ఎంచుకోవడమే మేలు. మా మామ మధ్యాహ్నం ఒకటిన్నరకు భోజనానికి లేస్తారు, మూడింటి దాకా కుర్చీలోకి రారు. ఆ గంటన్నరలో కంప్యూటర్ ఖాళీగా వెలుగుతూనే ఉంటుంది, కంపోజింగ్ ఫైలు తెరిచి ఉండి కాపీకి అడ్డుపడే అవకాశం కూడా తక్కువ. రాత్రి రెండింటి కంటే ఇది వంద రెట్లు మంచి ముహూర్తం.

టాస్క్ షెడ్యూలర్‌లోనే చివరిసారి ఎప్పుడు నడిచింది, ఫలితం ఏమిటి అని చెప్పే రెండు నిలువు వరుసలు ఉంటాయి. లోపాన్ని వెతికేవారు మొదట చూడాల్సింది వాటినే. ఫలితం దగ్గర సున్నా ఉంటే పని అయిపోయిందని అర్థం. 0ఎక్స్80070070 అని ఉంటే డిస్కులో చోటు లేదని, 0ఎక్స్80070005 అని ఉంటే అనుమతి దొరకలేదని అర్థం. పని అసలు మొదలే కాకపోతే, దాని వెనుక కొన్నిసార్లు పాస్‌వర్డ్ ఉంటుంది. ఎవరూ లాగిన్ కాకపోయినా నడవాలని పెట్టిన పని, ఆనాటి పాస్‌వర్డ్‌ను దాచుకుని ఉంటుంది. పిల్లలు గేములు ఆడుతున్నారని తండ్రి పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి, ఆ పాత పాస్‌వర్డ్‌తో రోజూ తలుపు తట్టి, తలుపు తెరుచుకోక వెనక్కి పోతూ ఉంటుంది.

వేళ సరిచేసినంత మాత్రాన సరిపోదు, ఏ ఫైళ్లు కాపీ అవుతున్నాయన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మన ఊళ్లలో కంప్యూటర్ కొన్న ప్రతి ఇంటికీ మొదటి రోజే అందే సలహా ఒకటుంది: "సి డ్రైవ్‌లో ఏమీ పెట్టొద్దు, అన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోండి, ఫార్మాట్ చేసినా పోవు." విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే రోజు వరకే ఈ సలహా పనికొస్తుంది. సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీత గీసి విడదీసిన భాగాలు, అన్నదమ్ములు ఒకే ఇంటికి అడ్డగోడ కట్టుకున్నట్టు. ఇల్లు కూలితే రెండు భాగాలూ కూలుతాయి. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సౌకర్యం, మనం వేరే చెప్పకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాడకందారు ఫోల్డర్లనే గంటకోసారి కాపీ చేస్తుంది. డి డ్రైవ్‌లో "పత్రికలు 2019" అని మనం సొంతంగా తెరుచుకున్న ఫోల్డర్ జోలికి అది పోదు. అంటే బ్యాకప్ గంట గంటకూ చక్కగా నడుస్తూ, ఫలితం దగ్గర ఏ తప్పూ చూపకుండా, కావలసిన ఒక్క ఫైలును కూడా కాపాడకుండా ఉండగలదు. నా దృష్టిలో ఆగిపోయిన బ్యాకప్ కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడ వెతికినా తప్పు కనిపించదు.

విండోస్‌లోనే ఉండే సిస్టమ్ రీస్టోర్ గురించి కూడా అపోహ ఉంది. అది సిస్టమ్ ఫైళ్లను, సెట్టింగులను పాత తేదీకి తీసుకుపోతుందే గానీ ఫోటోలను, పత్రాలను దాచదు. మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా, అంటే ఒకే పెద్ద ప్రతిగా తీసే పాత సౌకర్యం విండోస్ 10, 11లలో ఇప్పటికీ కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 పేరుతోనే కనిపిస్తుంది కానీ, మైక్రోసాఫ్ట్ 2017లోనే దాన్ని ఇక అభివృద్ధి చేయని సౌకర్యాల జాబితాలో చేర్చి, ఇతర సంస్థల ప్రోగ్రాములు వాడుకోమని చెప్పింది. దాన్నే వాడుతున్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇమేజ్ పెట్టే డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ఇమేజ్ ఉన్న ఫోల్డర్ పేరును మార్చకూడదు, డిస్కు తెరవగానే కనిపించే చోటు నుంచి దాన్ని జరపకూడదు. చక్కగా సర్దుదామని "పాత బ్యాకప్" అనే మరో ఫోల్డర్‌లోకి తోసేస్తే, అవసరమైన రోజున రికవరీ ప్రోగ్రాముకు అది కనిపించదు.

డిస్కు విషయానికి వస్తే, దాన్ని తీసి తగిలిస్తూ ఉండేవారి ఇళ్లలో డ్రైవ్ అక్షరం మారిపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. నిన్న ఇ అని ఉన్నది, ఈ రోజు ముందుగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టడం వల్ల ఎఫ్ అవుతుంది. ఇ కోసం వెతికే చాలా ప్రోగ్రాములు అది దొరకక ఊరుకుంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, ఎక్స్ లాంటి చివరి అక్షరాన్ని ఆ డిస్కుకు కేటాయిస్తే ఈ గొడవ తీరుతుంది. పాత డెస్క్‌టాప్‌లలో ముందువైపు యూఎస్‌బీ రంధ్రం నుంచి డిస్కుకు చాలినంత కరెంటు అందక, టిక్ టిక్ మంటూ కనిపించి మాయమవడం కూడా ఉంది. వెనకవైపు, మదర్‌బోర్డుకే ఉన్న రంధ్రానికి తగిలించి చూడాలి. ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కుల తయారీదారులు అవి పనిచేసే గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని రాస్తారు, మే నెలలో కర్నూలులో బయట 40 దాటడం మామూలు. మా మామ డిస్కును మానిటర్ వెనక, గాలి ఆడని మూలలో, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి పెట్టారు. నేను పట్టుకున్నప్పుడు అది చేతికి చురుక్కుమంది.

కరెంటు పోవడం సరేసరి. కాపీ జరుగుతున్నప్పుడు కరెంటు పోతే సగం రాసిన ఫైలే కాక, డిస్కు ఫైళ్ల పట్టిక కూడా దెబ్బతినవచ్చు. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే, కాపీని ఆపి యంత్రాన్ని సరిగా కట్టేసేంత సమయం దొరుకుతుంది. అయితే డిస్కుకు వేరే అడాప్టర్ ఉంటే, అది కూడా యూపీఎస్‌కే తగిలించి ఉండాలి. ఈ చిన్న సంగతిని మరిచినవారిని నేను ఇద్దరిని చూశాను.

ఇక నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది, తిరిగి తెరిచి చూడటం గురించి. మామ పాత బ్యాకప్‌లో దొరికిన పద్నాలుగు నెలల కిందటి ఫైళ్లను కొత్త డిస్కు మీదికి తెచ్చిన రోజు, మొదటి పత్రిక తెరవగానే తెర మీద కనిపించింది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా వరుసలు కట్టి ఉన్నాయి. ఆయన కంపోజ్ చేసేది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. ఆ ఫాంట్లు ప్రతి లిపి అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో లేవు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చుకున్నవి. ఫైలు ఉండి, ఫాంట్ లేకపోతే "శుభలేఖ" అన్న మాట కూడా చదవడానికి రాదు. బ్యాకప్‌లో ఫాంట్లు లేవు, ఎందుకంటే అవి సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని కాపీ చేయమని ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు తిరిగితే, ఒక ప్రెస్సులో ఫాంట్ల ఇన్‌స్టలేషన్ సీడీ దొరికింది. ఈ ప్రాంతంలో డీటీపీ చేసేవారు, పాత పత్రికా కార్యాలయాల్లో పనిచేసి ఇంట్లో ఫైళ్లు దాచుకున్నవారు, అను ఫాంట్లలో కథలు, కవితలు టైపు చేయించుకున్న రచయితలు, అందరికీ ఈ ముప్పు ఉంది. ఫైళ్లతోపాటు ఫాంట్లనూ, ఆ ప్రోగ్రాముల ఇన్‌స్టలేషన్ ఫైళ్లనూ దాచాలి. ఈ సంగతి ఏ ఎర్రర్ కోడూ చెప్పదు. నెలకొకసారి ఒక పాత ఫైలును బ్యాకప్ నుంచి, వీలైతే వేరే కంప్యూటర్ మీదికి తెచ్చి, తెరిచి, చదివి చూసినప్పుడే తెలుస్తుంది.

అందుకే, ఇళ్లకు వచ్చి కంప్యూటర్లు బాగుచేసే మన కుర్రవాళ్లను ఒక మాట అడుగుతున్నాను. బ్యాకప్ అమర్చినందుకు డబ్బు తీసుకునే ముందు, ఇంటివాళ్ల ఎదుటే ఒక ఫైలును తుడిచేసి, దాన్ని బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూపించండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో డి డ్రైవ్ సంగతి చాలావరకు బయటపడుతుంది, ఫాంట్ల గురించి, పాస్‌వర్డ్ గురించి అడిగే సందర్భమూ దొరుకుతుంది. రాత్రి స్విచ్ ఎవరు కట్టేస్తారో కూడా ఆ మాటల్లోనే తెలుస్తుంది. ఇంటివాళ్లు కూడా ఇది చూపించమని అడగాలి. మోటారు బిగించినవాడు నీళ్లు పడటం చూపించకుండా వెళ్తానంటే మనం ఊరుకోము కదా.

కర్నూలులో బ్యాకప్ గురించి మాట్లాడుతూ 2009ని మరచిపోలేం. ఆ అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీ ఇళ్లు మునిగాయి. మామ వాళ్ల పెళ్లి ఆల్బమ్ ఇప్పటికీ అల్మారాలో ఉంది, అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే ముఖాలు ఊడివస్తాయి. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెల మీద పడినప్పుడు ఇళ్లే కొట్టుకుపోయాయి. కంప్యూటర్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు, రెండూ ఒకే బల్ల మీద ఉంటే అలాంటి రోజున రెండూ పోతాయి. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఎప్పుడూ తగిలించే ఉండే డిస్కుకు మరో ముప్పు కూడా ఉంది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై లాంటి వైరస్ కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసేటప్పుడు, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును కూడా వదలదు. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్‌లో ఉచితంగా వచ్చే 5 గిగాబైట్లు ఫాంట్లకు, నడుస్తున్న పనులకు సరిపోతాయి, పన్నెండేళ్ల పత్రికలకు సరిపోవు.

మామ రెండో డిస్కు కొన్నారు. మొదటిది మానిటర్ ముందుకు వచ్చింది, దాని మీది గుడ్డ తీసేశారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు బ్యాకప్ మొదలవుతుంది, భోజనం చేసి వచ్చాక ఆయన తేదీ చూసి, గోడ క్యాలెండర్‌లో పెన్సిలుతో గీత పెడతారు. రెండో డిస్కు ఆదోనిలో కూతురింటి బీరువాలో ఉంటుంది. ఆమె పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు చీరల మధ్య పెట్టుకుని తెస్తుంది, వెళ్లేటప్పుడు కొత్త ప్రతితో మళ్లీ తీసుకుపోతుంది. అత్త మాత్రం రాత్రి పదింటికి స్విచ్ కట్టేస్తూనే ఉన్నారు, ఇప్పుడు ఆమెను ఆపాల్సిన అవసరం ఎవరికీ లేదు.