తాడు పట్టినోడికే పాట

మా మేనల్లుడు ఈ మధ్య ‘ఓరల్ హిస్టరీ’ పట్టుకున్నాడు. ఉత్తరాంధ్ర తీరంలో జాలరుల పాటలు పోతున్నాయట, మరబోట్లొచ్చాక తెడ్డు పాటకి పనిలేకపోయిందట, పాడేవాళ్ళు ఉండగానే రికార్డు చేసెయ్యాలట. మాట నిజమే. జముకుల కథ, తప్పెటగుళ్ళు లాంటి జానపద కళలకి ఏ జాతరలోనో, ప్రభుత్వ ఉత్సవంలోనో ఇంకా కాస్త చోటుంది. వల లాగేటప్పటి పాటని వేదిక మీద ఎవడు పెడతాడు?

అంచేత భీమిలి దాటాక ఒక పేటకి బయల్దేరాం. వాడు పరిశోధకుడు, నేను కూలీ. మైకు, స్టాండు, హెడ్‌ఫోన్లు, పవర్‌బ్యాంకులు, సముద్రపు గాలి హోరు పడకుండా మైకుకి వేసే బొచ్చు తొడుగు, అన్నీ నా భుజానే. సవర గిరిజనుల పాటలూ కథలూ సేకరించిన గిడుగు రామమూర్తి గారికి ఇవేవీ లేవు. చెవితో వినడం, చేత్తో రాసుకోవడం. అడవుల్లో మలేరియా పట్టుకుంటే వాడిన క్వినైను చివరికి ఆ చెవులకే చేటు తెచ్చింది. మావాడికి అంత శ్రమ లేదు, పేటలో అడుగుపెట్టకముందే హెడ్‌ఫోన్లతో చెవులు మూసేసుకున్నాడు.

మొదట ఒక ముసలమ్మ దొరికింది. ఊళ్ళో పాటలన్నీ ఆవిడ నోట్లోనే ఉన్నాయన్నారు. మావాడు వినయంగా మైకు ముందుకి చాచాడు.

“ఛీ! సచ్చిన పందికొక్కునట్టుకొచ్చి నా మూతికాడ ఎడతావేట్రా!”

ఆవిడని బతిమాలుతూ మైకు పక్కన పెట్టాడో లేదో, ఊరకుక్క ఒకటి ఆ బొచ్చు తొడుగుని నోట కరుచుకుని ఎండుచేపల వైపు పరుగు. పేటలోని పిల్లకాయలంతా దాని వెనక. ముసలమ్మ మాత్రం నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. పాట సంగతి అడిగితే, “ఒడ్డుకెల్లండి బావూ, అలివి వల లాగుతన్నారు, ఆలు పాడతారు” అంది.

అలివి వల ఒడ్డు నుంచే లాగే పెద్ద వల. తాడు ఒక కొస గట్టునే ఉంచి, పడవ మీద వెళ్ళి వలని అర్ధచంద్రంగా దింపుకుంటూ రెండో కొసని మళ్ళీ గట్టుకే తెస్తారు. తర్వాత రెండు వైపులా జనం బారులు తీరి లాగడమే. ఒకడు పలుకుతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు, అందుకున్న చోటే అడుగు వెనక్కి పడుతుంది.

మేం వెళ్ళేసరికి అలుపు తీర్చుకుంటున్నారు. “ఒక్క పాట కూర్చుని పాడతారా?” అన్నాడు మావాడు.

“కూకుంటే నోరెలగొస్తాది బావూ? పాట కావాలంటే తాడట్టుకో.”

పట్టుకున్నాం. ఫోన్లో రికార్డింగు నొక్కి జేబులో వేసుకున్నాడు. అబ్బ, ఏం పాట! అప్పులిచ్చే షావుకారు, చేపల ధర తెగ్గోసే వ్యాపారి, కొత్త అల్లుడు, అందరూ అందులో వచ్చిపోయారు. కాసేపటికి మేమూ చేరాం.

“అయిదరాబాదు బావొచ్చాడు — హైలెస్సా!
అరసేతులు కందిపోనాయి — హైలెస్సా!”

వల ఒడ్డెక్కింది. తాడు పట్టినవాడికి వాటా ఉంటుంది గనక మాకూ ఇన్ని కవళ్ళ చేపలు, ఒక కానాగంత చేప పడ్డాయి. మావాడు ఆ వాసన చేతుల్తోనే ఫోను తీసి విన్నాడు. జేబు గుడ్డ రాపిడి, వాడి ఆయాసం, మధ్యమధ్య “మామయ్యా, ఇంకెంతసేపు?” అన్న ప్రశ్న, “నోర్మూసుకుని లాగరా” అన్న నా జవాబు. పాట ఎక్కడో సముద్రం అవతల వినబడుతోంది.

మొహం వేలాడేసిన వాడి దగ్గరికి ఒక కుర్రాడొచ్చాడు. “నాను మొత్తం వీడియో తీసినాను బావూ, రీలు కూడా ఎట్టీసినాను!” మావాడి ప్రాణం లేచొచ్చింది. చూస్తే అద్భుతంగా ఉంది. తాడు, జనం, వల, మా అవస్థ, అన్నీ స్పష్టంగా పడ్డాయి. వెనక మాత్రం ఏదో కొత్త సినిమా పాట మోగుతోంది.

“అసలు పాటేదిరా?”

“అది తీసీసినాను బావూ. సౌండు బాగోలేదు, అందరూ అరుస్తన్నారు.”