ఫిల్మ్ చేతికిస్తే బాధ్యత తీరదు

శ్రీకాకుళం పట్టణంలో ఏ స్కానింగ్ కేంద్రం మెట్లెక్కినా ముందుగా కంటపడేది ఒక బోర్డు. పుట్టబోయే బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పరనీ, అలా అడగడం కూడా నేరమేననీ అందులో ఉంటుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఆ బోర్డును గోడకెక్కించడంతో ఆగలేదు. ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ రిజిస్టరు చేయించింది, గర్భిణికి తీసే ప్రతి స్కానుకూ ఫారం-ఎఫ్ నింపి రెండేళ్లు భద్రపరచాలంది, నిబంధన తప్పితే యంత్రానికి సీలు వేసే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. ఆ చట్టం అమలులో లోపాలు లేవని కాదు గానీ, ప్రభుత్వం పట్టుబడితే స్కానింగ్ కేంద్రాన్ని ఒక పద్ధతిలో నడిపించడం సాధ్యమేనని దానివల్ల రుజువైంది. ఏ పరీక్షకు ఎంత తీసుకుంటారో, రిపోర్టు ఎప్పటికిస్తారో, తేడా వస్తే ఎవరిని అడగాలో చెప్పే మరో బోర్డు మాత్రం అదే గోడపై చాలాచోట్ల కనిపించదు.

కవిటి మండలానికి చెందిన ఒక కుటుంబం ఇటీవల మా దృష్టికి తెచ్చిన అనుభవం ఈ లోటు రోగిని ఎంత దూరం తిప్పుతుందో చెబుతుంది. కొబ్బరి తోటల్లో కూలికి వెళ్లే నడివయసు మహిళకు కడుపునొప్పి తగ్గకపోవడంతో డాక్టరు సీటీ స్కాన్ రాశారు. పరగడుపున ఎనిమిదింటికల్లా రమ్మన్న కేంద్రం, రాగానే డబ్బు కట్టించుకుని కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాటాక, స్కానులో అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్‌కు సూది సిద్ధం చేసిన తర్వాతే, ఆమెకు కిడ్నీ సమస్య ఉందా అని అడిగారు. ఉందని చెప్పగానే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని మర్నాడు రావాలన్నారు. మర్నాడు స్కాన్ తీశారు. అయితే ముందు చెప్పిన రుసుములో కాంట్రాస్ట్ మందు ఖరీదు కలవదంటూ అదనంగా వసూలు చేశారు. సాయంత్రానికన్న రిపోర్టు రెండు రోజుల తర్వాత వచ్చింది, అందులో కుడివైపు ఉండాల్సిన సమస్య ఎడమవైపు ఉన్నట్టు రాసి ఉంది. సరిచేయమంటే, రాసిన డాక్టరు ఇక్కడ ఉండరన్నారు. చివరికి విశాఖలో చూసిన నిపుణుడు ఫిల్మ్ చాలదు, సీడీ కావాలన్నారు. కేంద్రాన్ని అడిగితే, కంప్యూటర్లో ఆ ఫైలు లేదన్నారు. ఆమెకు మళ్లీ స్కాన్ తీయాల్సి వచ్చింది.

ఇందులో ఏ ఒక్కటీ వార్తగా మొదటి పేజీకి ఎక్కదు. ప్రాణం పోలేదు, గొడవ జరగలేదు, పోలీసులు రాలేదు. అందుకే ఇలాంటివి ఫిర్యాదుగా నమోదు కాకుండానే రోజూ జరిగిపోతున్నాయి.

నిరీక్షణ సంగతే తీసుకుందాం. కడుపు స్కానుకు పరగడుపున రావాలి, పొత్తికడుపు చూడాలంటే నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. రెండూ కలిపి చేసే అల్ట్రాసౌండుకు రోగి ఆకలితోనూ, నిండిన మూత్రాశయంతోనూ బల్ల మీద కూర్చోవాలి. పరీక్ష స్పష్టంగా రావాలంటే ఇది తప్పదు, దానిపై ఎవరికీ పేచీ లేదు. కానీ స్కాన్ చేసే డాక్టరు ఆసుపత్రి డ్యూటీ ముగించుకుని పదకొండింటికి గానీ రారని కౌంటరులో ఉన్నవారికి ముందే తెలిసినప్పుడు, టోకెన్లన్నీ ఎనిమిదింటికే ఎందుకు ఇస్తున్నారు? షుగరు మాత్ర వేసుకోకుండా వచ్చిన వృద్ధుడు, మూడుసార్లు మరుగుదొడ్డికి వెళ్లొచ్చి ప్రతిసారీ మళ్లీ నీళ్లు తాగమని చెప్పించుకున్న గర్భిణి, కళ్లు తిరుగుతున్నాయంటున్న తల్లికి బిస్కెట్ పెట్టాలో వద్దో తెలియక తల్లడిల్లే కొడుకు, వీరంతా ఒకే వరండాలో ఉంటారు. టోకెన్‌పై గంట వేసి, ఒక్కో గంటకు అయినంతమందినే పిలవడానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు, చిన్న పుస్తకం సరిపోతుంది. సినిమా టికెట్టుకు ఉన్న పాటి సమయపాలన స్కాన్ చీటీకి లేకపోవడం మనవాళ్లు భరించడానికి అలవాటుపడిన వింతల్లో ఒకటి.

ఈ జిల్లాలో "సాయంత్రం రండి" అన్న మాటకు ఖరీదు ఎక్కువ. ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం 130 కిలోమీటర్లకు పైనే. రైలెక్కి వచ్చినా శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఆటోనో బస్సో పట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినా, ఆ ప్రాంతాల రోగుల్లో చాలామంది వైద్యానికి ఇప్పటికీ శ్రీకాకుళమే వస్తున్నారు. రిపోర్టు మర్నాటికి వాయిదా పడితే ఒక కూలి దినం, ఇద్దరి ప్రయాణ ఖర్చు, కొన్నిసార్లు బస్ కాంప్లెక్స్ బెంచీ మీద ఒక రాత్రి అదనంగా పడతాయి. రసీదులో ఇవేవీ కనిపించవు.

అంతకన్నా తీవ్రమైనది భద్రత. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో కునారిల్లుతోంది. అక్షరాలు రాని అవ్వ కూడా తన క్రియాటినిన్ అంకె చెప్పగలిగే ప్రాంతమది. ఆ వ్యాధికోసమే పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. సీటీ స్కానుకు రోగులు రంగు మందు అని పిలిచే అయోడిన్ కాంట్రాస్టును శరీరం నుంచి బయటకు పంపేది ప్రధానంగా మూత్రపిండాలే కనుక, అవి బాగా దెబ్బతిన్నవారికి ఆ మందు ఇచ్చే ముందు క్రియాటినిన్ చూసుకోవాలి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని అడగాలి, గతంలో అలర్జీ వచ్చిందా అని తెలుసుకోవాలి. ఎంఆర్ఐలో వాడే గాడోలినియం మందుల్లో కొన్ని పాత రకాలు, కిడ్నీలు పూర్తిగా పాడైనవారిలో చర్మాన్నీ లోపలి కణజాలాన్నీ గట్టిపరిచే అరుదైన జబ్బుకు దారితీయవచ్చని 2006 నుంచి వైద్యలోకానికి తెలుసు. ఇంతటి జాగ్రత్త అవసరమైన జిల్లాలో, సూది చేతపట్టుకున్నాక కిడ్నీ సంగతి అడగడమేమిటి? డబ్బు కట్టించుకునే కౌంటరు దగ్గరే, రసీదు రాయకముందే, ఈ మూడు నాలుగు ప్రశ్నలు తెలుగులో అడిగి నమోదు చేయాలి. కవిటి మహిళకు ఆ ఒక్క పనీ జరిగి ఉంటే మొదటి రోజు ఆకలి, ఒకసారి ప్రయాణం తప్పేవి. ఆ ప్రశ్న అసలు అడగకుండానే ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదన్నది ఆ కుటుంబాన్ని ఇప్పటికీ కలవరపెడుతోంది, అందులో అతిశయం లేదు.

రిపోర్టు విషయానికి వద్దాం. స్కాన్ తీసేది టెక్నీషియన్, దాన్ని చదివి చెప్పాల్సింది రేడియాలజిస్టు. ఉత్తరాంధ్రలో రేడియాలజిస్టులు ఎక్కువగా విశాఖలోనే ఉంటారు. అందువల్ల చిత్రాలను ఇంటర్నెట్ ద్వారా పంపి, దూరాన ఉన్న డాక్టరు చేత చదివించడం మామూలైపోయింది. ఈ పద్ధతిని మేము తప్పుపట్టడం లేదు. అది లేకుంటే చిన్న పట్టణాల్లో సీటీ, ఎంఆర్ఐ యంత్రాలు బొమ్మలుగా మిగిలేవి. తప్పుపట్టాల్సింది ఆ దూరాన్ని రోగి నుంచి దాచడాన్ని, జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి దాన్ని అడ్డుపెట్టుకోవడాన్ని. రిపోర్టు కింద స్కాన్ చేసి అతికించిన సంతకం ఒకటి ఉంటుంది, ఆ సంతకందారుతో మాట్లాడే దారి మాత్రం ఉండదు. చికిత్స చేస్తున్న డాక్టరుకు సందేహం వస్తే ఆయనకూ ఫోను నంబరు దొరకదు. కుడి ఎడమల తేడాను అచ్చుతప్పుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. శస్త్రచికిత్స గదిలో ఏ వైపు కోయాలన్నది ఆ కాగితమే చెబుతుంది. సవరించిన రిపోర్టు ఇచ్చేటప్పుడు, పాతదానిలో ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో రాసి ఇవ్వడం కనీస మర్యాద. దానికి బదులు పాత కాగితం వెనక్కి లాక్కుని కొత్తది చేతిలో పెట్టే అలవాటు ప్రమాదకరం.

చిత్రాల మాటేమిటి? కడుపు సీటీ స్కానులో కొన్ని వందల చిత్రాలు నమోదవుతాయి. ఫిల్మ్ మీద అచ్చయ్యేవి వాటిలో ఎంచిన కొన్ని మాత్రమే. మరో నిపుణుడు చూడాలంటే కావాల్సింది పూర్తి ఫైలు. రోగి డబ్బు కట్టింది ఆ ఫైలుకే గానీ ప్లాస్టిక్ కవరుకు కాదు. వైద్య రికార్డులు అడిగిన రోగికి 72 గంటల్లో అందజేయాలని 2002 నాటి భారత వైద్య మండలి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. సీడీకి విడిగా డబ్బు అడగడం, అడిగితే విసుక్కోవడం, కొద్ది వారాలకే ఫైలు చెరిపేయడం, ఇవన్నీ చివరికి మళ్లీ స్కానుకే దారితీస్తాయి. కడుపు సీటీలో శరీరానికి తగిలే రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. అవసరమైన చోట ఆ మోతాదును వైద్యులు సమర్థిస్తారు, సమర్థించాలి కూడా. ఫైలు దాచనందుకు రోగి రెండోసారి రేడియేషన్‌కు గురికావడాన్ని ఎవరు సమర్థిస్తారు? సీటీ యంత్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు తప్పనిసరి చేసిందే అనవసర రేడియేషన్‌ను అరికట్టడానికి.

ధరల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఒకే పరీక్షకు ఒకే వీధిలో రెండు మూడు ధరలుంటాయి. ఏ డాక్టరు చీటీతో వచ్చారన్నదాన్ని బట్టి కౌంటరులో పలకరింపు మారుతుంది. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడాన్ని, ఇవ్వడాన్ని పైన చెప్పిన నియమావళే నిషేధించింది. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని, ధరలను కనిపించేలా ప్రదర్శించాలని అందులో ఉంది. ఫలానా కేంద్రంలో తీయించిన స్కాన్ అయితేనే చూస్తామనే వైద్యులు ఆ పత్రాన్ని ఒకసారి చదవాలి.

నిర్వాహకుల ఇబ్బందులు లేవని మేము అనడం లేదు. యంత్రాల ధర కోట్లలో ఉంటుంది, బ్యాంకు వాయిదా ఆగదు, కరెంటు పోతే స్కాన్ మధ్యలో నిలిచిపోతుంది, మరమ్మతుకు ఇంజినీరు పెద్ద నగరం నుంచి రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో విద్యుత్ వ్యవస్థను నేలమట్టం చేసినప్పుడు వైద్య సేవలన్నీ ఎంత అవస్థ పడ్డాయో జిల్లా మరచిపోలేదు. వేళకు నిక్కచ్చిగా పనిచేసే కేంద్రాలూ ఉన్నాయి, అర్ధరాత్రి ప్రమాద బాధితుడికి తలుపు తీసే సిబ్బందీ ఉన్నారు. అయితే యంత్రం చెడిందని ఉదయమే ఫోను చేసి చెప్పడానికీ, కాంట్రాస్ట్ ఖర్చుతో కలిపి మొత్తం ఎంతో ముందే రాసివ్వడానికీ ఈ ఇబ్బందులేవీ అడ్డు కావు.

ప్రైవేటు కేంద్రాలను తప్పుపట్టి ప్రభుత్వాన్ని వదిలేయడం కూడా న్యాయం కాదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత రోగ నిర్ధారణ సేవల మార్గదర్శకాలు 2015లోనే వచ్చాయి, సీటీ స్కాన్, దూరాన ఉన్న డాక్టరు చేత చిత్రాలు చదివించే టెలిరేడియాలజీ అందులో భాగం. శ్రీకాకుళంలో బోధనాసుపత్రి ఉంది, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ ఆసుపత్రుల్లో ఏ స్కానుకు ఎన్ని రోజుల వరుస ఉందో ప్రతి వారం నోటీసు బోర్డులో పెడితే, ఆగగలిగినవారు ఆగుతారు, ఆగలేనివారు బయట చూసుకుంటారు. ఇప్పుడు రోగికి ఆ సమాచారమే లేదు. "బయట తీయించుకో" అన్న నోటిమాటతో అతడు నేరుగా ప్రైవేటు కౌంటరు ముందు నిలబడుతున్నాడు.

చట్టాల కొరత ఇక్కడ సమస్య కాదు. రోగ నిర్ధారణ కేంద్రాలను కూడా తన పరిధిలోకి తెచ్చిన ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం రాష్ట్రంలో 2002లోనే వచ్చింది, నిబంధనలు 2007లో తయారయ్యాయి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం రోగి తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా లేదు. ఉద్దానంలోని ఎందరికి ఈ సంగతి తెలుసు? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చే జనంలో పింఛను, భూమి గొడవల కాగితాలే తప్ప రసీదు, రిపోర్టు పట్టుకుని వచ్చేవారు అరుదు. రోగం నయం కావాలన్న ఆరాటంలో ఉన్నవాడు ఫిర్యాదు చేయడు, రేపు మళ్లీ అదే కేంద్రానికి వెళ్లాల్సి రావచ్చన్న భయమూ ఉంటుంది. కనుక భారం రోగి మీద పెట్టకుండా తనిఖీ మీదే పెట్టాలి.

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖ అధికారులు లింగ నిర్ధారణ చట్టం కింద స్కానింగ్ కేంద్రాలకు ఎలాగూ వెళ్తున్నారు. అదే తనిఖీలో ఫారం-ఎఫ్ పక్కనే మరికొన్ని కాగితాలు అడగాలి: కాంట్రాస్ట్ సహా మొత్తం ధరల పట్టిక, గంటల వారీ టోకెన్ పుస్తకం, ఇంజెక్షన్‌కు ముందు నింపిన కిడ్నీ, అలర్జీ ప్రశ్నాపత్రం, రిపోర్టులు చదువుతున్న డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆయనతో మాట్లాడే వేళలు, చిత్రాలు ఎంతకాలం దాస్తారన్న రాతపూర్వక హామీ. నమోదు పునరుద్ధరణకు వచ్చే ప్రతి దరఖాస్తుకూ వీటిని జతచేయాలని షరతు పెట్టాలి. ఉద్దానం మండలాల నుంచి రోగులు ఎక్కువగా వెళ్లే కేంద్రాలతో ఈ పని మొదలుపెట్టి, ఏ కేంద్రంలో ఏ లోపం కనిపించిందో, దాన్ని ఎప్పటిలోగా సరిదిద్దాలన్నారో ఆ వివరాలను శాఖ తన కార్యాలయం బయట అంటించాలి.