కదలకండి, ఇంకో మూడు షాట్లున్నాయి

తపస్సు అనేది కృతయుగంతోనే పోయిందనీ, ఈ రోజుల్లో రెండు నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చునే మనిషే లేడనీ పెద్దలు బాధపడుతుంటారు. వాళ్ళు పెంటాక్స్ కెమెరా వాడేవాళ్ళని చూసి ఉండరు. చూస్తే అలా అనరు.

మేం కదలం. కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (అంటే లోపల వెలుతురు పట్టే పలక పాత ఫిల్ము రీలులో ఒక బొమ్మంత పెద్దగా ఉండేది) వస్తుందనీ, అందులో పిక్సెల్ షిఫ్ట్ అనే విద్య ఇంకా పదునెక్కి ఉంటుందనీ కూర్చున్నచోటే కూర్చుని ఎదురుచూస్తున్నాం. మిగతా కంపెనీల కెమెరాలు కొన్నవాళ్ళు రెండేళ్ళకోసారి పాతది అమ్మి, కొత్తది కొని, కిస్తీలు కట్టుకుంటూ చంచలచిత్తంతో బతుకుతున్నారు. మాకా బాధ లేదు. మార్చుకుందామన్నా కొత్తది రావాలి కదా.

ముందు పేరు సంగతి తేల్చేస్తాను, లేకపోతే తెలుగు పాఠకుడు అక్కడే ఆగి నవ్వుకుంటూ ఉంటాడు. అవును, మొదటి రెండక్షరాలు అవే. మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ ఆ రెండక్షరాలు దాటి ముందుకు రాలేదు. “పేరులోనే చెప్పుకున్నాడు కదండీ, పాపం అతను దాచిందేముంది” అంటుంది. నిజానికి అది పెంటాప్రిజం అనే ఐదు పలకల గాజు పట్టకంలోంచి వచ్చిన పేరు. 1957లో జపాన్‌కి చెందిన అసాహీ ఆప్టికల్ కంపెనీ ఆ పేరుతో మొదటి కెమెరా తెచ్చింది. ఈ వివరమంతా చెప్పాక మా ఆవిడ ఇంకాస్త ఎక్కువ నవ్వింది.

ఇక పిక్సెల్ షిఫ్ట్. దాని గొప్ప తెలియాలంటే మామూలు డిజిటల్ కెమెరా ఎంత కోతలరాయుడో ముందు తెలియాలి. వెలుతురు పట్టే ఆ పలకే సెన్సరు, దాని మీది ఒక్కో చుక్కా ఒక పిక్సెల్. ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో రంగు అద్దం తొడుగుతారు. సగం వాటికి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, పావు వంతుకి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ చేసిన ఏర్పాటు ఇది, 1976లో పేటెంటు వచ్చింది. ఎర్ర అద్దం పెట్టుకున్న పిక్సెల్‌కి ఎరుపు తప్ప లోకంలో ఇంకేం కనపడదు. మిగతా రెండు రంగులూ అటుపక్క వాళ్ళనీ ఇటుపక్క వాళ్ళనీ అడిగి ఊహించుకుంటుంది. అంటే మీరు మురిసిపోయే ఫొటోలో రంగుల లెక్క మూడింట రెండు వంతులు పక్కింటి కబురే. మీ అమ్మాయి పట్టులంగా అంచు మెరూన్ అని కెమెరా చెప్పిందంటే, చూసి చెప్పినట్టు కాదు. వాడకట్టులో అలా అనుకుంటున్నారని చెప్పినట్టు.

పిక్సెల్ షిఫ్ట్ ఈ చాడీల వ్యవస్థని రద్దు చేస్తుంది. ఒక షాటు తీశాక సెన్సరు ఒక్క పిక్సెల్ అంత పక్కకి జరుగుతుంది. ఇంకోటి తీసి కిందికి, ఇంకోటి తీసి వెనక్కి. నాలుగు షాట్లలో ప్రదక్షిణ పూర్తి. ప్రతి చోటికీ ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి, ఆకుపచ్చ రెండుసార్లు స్వయంగా దర్శనమిస్తాయి, మధ్యవర్తులు లేకుండా. పెంటాక్స్ వాళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కె-1లో ఆ జరుగుడు 5 మైక్రాన్లు కూడా ఉండదు, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. (మా వీధిలో డివైడరు కట్టిన మహానుభావులకి ఈ పేరా ఎవరైనా చదివి వినిపిస్తే సంతోషిస్తాను.)

షరతు ఒక్కటే. నాలుగు షాట్లూ అయ్యేదాకా కెమెరా కదలకూడదు, ఎదుటిదీ కదలకూడదు. కదిలితే ఆ మేరకి బొమ్మ మీద చదరంగం బల్లలా గళ్ళు పడతాయి. కదలికని సరిచేసే ఏర్పాటు కూడా కె-1లో ఉందంటారు కొందరు. ఉంది. తపస్సులో రాయితీలు అడిగేవాళ్ళు వాడుకోవచ్చు.

మా ఊళ్ళో స్టూడియో బాబాయి ఉన్నాడు. చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. నలభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఆయన చేతిమీదుగానే ఆల్బమ్‌లోకి వెళ్ళాయి. పిక్సెల్ షిఫ్ట్ గురించి భక్తితో గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

“అయితే నాలుగు షాట్లు తీసిందాకా పెళ్ళికొడుకు కదలకూడదంటావు.”

“అంతే బాబాయ్.”

“మూడు ముళ్ళకే వాడి చేతులు వణుకుతుంటే నాలుగో షాటు ఎక్కడ పెట్టమంటావురా?”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. బాబాయి వృత్తిలో పడి తత్త్వానికి దూరమయ్యాడని సరిపెట్టుకున్నాను.

మా ఎదురుచూపుకి చరిత్ర ఉంది. 2000 సంవత్సరంలో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో పెంటాక్స్ ఒక ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా నమూనాని చూపించింది. ఫిలిప్స్ సెన్సరు, 6 మెగాపిక్సెళ్ళు. మరుసటి ఏడాది, ఖర్చు తడిసి మోపెడవుతోందని ఆపేసింది. ఆ నమూనా చూపించిన నాటి నుంచే లెక్క మా అరణ్యవాసం. 2015 ఫిబ్రవరిలో యోకొహామా ప్రదర్శనలో మళ్ళీ ఒక నమూనా కనిపించింది, గాజుపెట్టెలో. తిరుమలలో అయితే “జరగండి, జరగండి” అని తోసేవాళ్ళుంటారు కాబట్టి భక్తుడు బయటపడి లడ్డూ కౌంటరు చేరుకుంటాడు. ఇక్కడ తోసేవాళ్ళు లేక మావాళ్ళ మనసులు ఆ పెట్టె ముందే ఉండిపోయాయి. ఆఖరికి 2016 ఫిబ్రవరి 18న కె-1 ప్రకటన వచ్చింది. 36 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్, పైగా పిక్సెల్ షిఫ్ట్. రాముడికి పద్నాలుగేళ్ళే పట్టింది. మాకు పదిహేను దాటింది.

వచ్చింది కదా, ఇంకేం బాధ అంటారు. వచ్చిందే మా బాధ. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని ఒక్కపూటలో పోతే మనిషేమైపోతాడు? ఫొటోలు తియ్యమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. కొందరు తీశారు కూడా. ఇటుకగోడని తీశారు, పుస్తకాల బీరువాని తీశారు, వంద రూపాయల నోటు తీసి అందులో సన్న గీతలు లెక్కపెట్టారు. ఆపైన దిక్కుతోచక, కె-1 తరవాత రాబోయేదాని కోసం ఎదురుచూడ్డం మొదలెట్టారు. ఇల్లు మళ్ళీ కళకళలాడింది.

2018లో కె-1 మార్క్ 2 వచ్చింది. అదే ఒళ్ళు, అన్నే మెగాపిక్సెళ్ళు. పాత కె-1 ఉన్నవాళ్ళు డబ్బు కట్టి పంపితే లోపలి బోర్డు మార్చి, పేరుపలక మార్చి మార్క్ 2గా తిరిగిస్తామన్నారు. అమెరికాలో దాని ధర 550 డాలర్లు. ఉన్న బండికే ఇంజను మార్చుకుని తిరిగే జాతి మనది, ఈ పద్ధతిలో నాకు ఏ తప్పూ కనపడలేదు. కానీ అందులో పెట్టిన కొత్త విద్య మాత్రం నన్ను కలవరపెట్టింది. చేత్తో పట్టుకునే పిక్సెల్ షిఫ్ట్ చెయ్యొచ్చట. చేతుల వణుకునే వాడుకుని నాలుగు బొమ్మల్నీ కలుపుతుందట. ఇన్నేళ్ళు కదలకుండా కూర్చున్నవాళ్ళం ఏమైపోవాలి? బాబాయికి చెబితే మాత్రం మొదటిసారి ఆసక్తిగా చూశాడు. “వణుకు పనికొస్తుందంటే పెళ్ళికొడుకులందరికీ ఇప్పించు” అన్నాడు.

ఆ తరవాత ఫుల్‌ఫ్రేమ్ గడపలో కొత్త కాన్పు లేదు. ప్రతి పిక్సెల్‌కీ మూడు రంగులు కావాలని మేం నోములు పడుతుంటే, 2023లో కె-3 మార్క్ 3 మోనోక్రోమ్ తెచ్చారు. నలుపు తెలుపు బొమ్మలు మాత్రమే తీసే కెమెరా, బేయర్ అద్దాలే తీసేశారు. రంగుల తగాదా కోర్టుకెళ్తే ఆస్తే లేదని తీర్పొచ్చినట్టుంది. ఫుల్‌ఫ్రేమ్, ఫుల్‌ఫ్రేమ్ అని మొత్తుకుంటుంటే, 2024లో పెంటాక్స్ 17 తెచ్చారు. ఫిల్మ్ కెమెరా, అదీ హాఫ్ ఫ్రేమ్. ఫుల్ మీల్స్ టోకెన్ చేత్తో పట్టుకుని విస్తరి ముందు కూర్చుంటే సగం ఇడ్లీ వడ్డించినట్టు. అయినా నేనెవరినీ తప్పుపట్టను. కంపెనీ మాకు ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చిన మాటలన్నీ మాకు మేమే ఇచ్చుకున్నాం.

బయటి ప్రపంచం ఈలోగా అంకెల పిచ్చిలో పడింది. 2019లో సోనీ ఎ7ఆర్-4 వచ్చి, నాలుగు చాలవు, పదహారు షాట్లు తీసి 240 మెగాపిక్సెళ్ళు చేస్తానంది. చేసేది తను కూడా కాదు, ఆ పదహారింటినీ ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో మీరే వండుకోవాలి. 2023లో క్యానన్ ఆర్5కి వచ్చిన సాఫ్ట్‌వేర్ 400 మెగాపిక్సెళ్ళంది. మా కె-1 నాలుగు తీసినా 36 మెగాపిక్సెళ్ళే ఇస్తుంది. పిక్సెళ్ళ సంఖ్య పెరగదు, ఉన్నవాటి నిజాయితీ పెరుగుతుంది. ఆ నిజాయితీనంతా మూటగట్టి కుటుంబం గ్రూపులో పెడితే వాట్సాప్ దాన్ని అప్పడంలా నొక్కి పారేస్తుంది. మా మేనత్త ఆ అప్పడాన్ని చూసి ఒక బొటనవేలు, రెండు దణ్ణాలు పెడుతుంది. తిథుల బొమ్మకి కూడా అవే పెడుతుంది.

ఎదురుచూపంటే ఖాళీగా ఉండటం అనుకోకండి, అనుబంధ క్రతువులుంటాయి. కె-మౌంట్ అంటే పెంటాక్స్ కెమెరాకి లెన్సు తగిలించే బిగింపు. 1975 నాటి కె-మౌంట్ లెన్సు కూడా ఈ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి తగులుతుంది కాబట్టి, రాబోయే కెమెరా కోసం మేం పాత లెన్సులు పోగేస్తుంటాం. వెనకటి రోజుల్లో కొన్ని లెన్సుల గాజులో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది. దానికి మందు ఎండ. అలాంటిదొకటి నా దగ్గర చేరింది. మే నెలలో డాబా మీద ఒకపక్క బూడిదగుమ్మడి వడియాలు, ఇంకోపక్క చల్లమిరపకాయలు, మధ్యలో పాతచీర మీద నా లెన్సు. కాకుల్ని తోలే బాధ్యత నాకే అప్పగించారు.

మా అత్తగారు పైకొచ్చి చూశారు. “ఇదేం వడియమండీ అల్లుడుగారూ?”

“లెన్సండీ. రంగు విరగాలని.”

“ఎన్నాళ్ళు ఎండాలి?”

“రెండు మూడు వారాలండీ.”

“ఎండాక?”

“కెమెరా వచ్చేదాకా దాచుకోవాలండీ.”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. కిందికెళ్ళి మా ఆవిడతో చాలాసేపు తగ్గుగొంతుతో మాట్లాడారు. వడియాలు నాలుగు రోజుల్లో ఎండాయి, ఆరో రోజుకి అయిపోయాయి.

మొన్నామధ్య ఒక మిత్రుడు జాలిపడి తన కె-1ని నాలుగు రోజులు వాడుకోమని ఇచ్చాడు. కిలోకి పైన ఒక పది గ్రాముల బరువు. స్టాండు బిగించి కదలని వస్తువు కోసం బయల్దేరాను. లోకంలో కదలనిది ఎంత తక్కువో ఆ నాలుగు రోజుల్లోనే నాకు తెలిసింది. పెరట్లో వేపచెట్టు తీస్తే ప్రతి ఆకూ గళ్ళ లుంగీ కట్టింది. కొబ్బరిమట్ట సరేసరి. గోదావరి గట్టుకెళ్తే ఆవలి ఒడ్డు బాగానే వచ్చింది గానీ నది చదరంగమైంది. మా నాన్నగారు పడకకుర్చీలో కునుకు తీస్తుంటే, ఇంతకన్నా నిశ్చలం ఏముందని నాలుగు షాట్లు తీశాను. పెద్దది చేసి చూస్తే చొక్కా మూడో గుండీ దగ్గర గళ్ళు. కళాకారుడిగా బాధపడ్డాను, కొడుకుగా ఊపిరి పీల్చుకున్నాను. ఆయనా పీలుస్తున్నారని తేలింది.

అప్పుడు గుర్తొచ్చింది ఫైలు.

తాతగారి పొలం పాసుపుస్తకంలో పేరు మార్పిడి కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు ఒక కార్యాలయంలో ఉంది. ఎన్నిసార్లు వెళ్ళినా బీరువా పక్కన అదే దొంతరలో, పైనుంచి ఏడోది. దానిమీదున్న దారం ముడి కూడా నాకు కంఠతా వచ్చు. పిక్సెల్ షిఫ్ట్ కోసమే పుట్టిన వస్తువు. గుమాస్తాగారు మంచివాడు. ఫొటో తీసుకుంటానంటే, “తీసుకోండి, ఎటూ ఇవాళ ఆయన రారు” అని కుర్చీ కూడా జరిపిచ్చాడు.

స్టాండు పెట్టేసరికి కరెంటు పోయింది. కె-1లో లెన్సు తగిలించే చోటా, కార్డు పెట్టే చోటా చీకట్లో కనపడటానికి బుల్లి దీపాలుంటాయి. వాటి వెలుగులో నేను లెన్సు మార్చుకున్నాను, గుమాస్తాగారు కళ్ళజోడు వెతుక్కున్నారు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురు చాలు, షాటుకి రెండేసి సెకన్లు. ఊపిరి బిగబట్టాను. మొదటి షాటు. రెండోది. కార్యాలయం మొత్తం నిశ్శబ్దం. ఇరవై అయిదేళ్ళ తపస్సు ఫలించే ఘడియ. మూడో షాటు దగ్గర కరెంటొచ్చింది. పైన ఫ్యాను గిర్రున తిరిగింది. దొంతరలో ఫైళ్ళ అట్టలన్నీ రెపరెపలాడాయి.

కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. గోడ, బీరువా, దారం ముడి, అన్నీ అద్భుతం. నా ఫైలు అంచు మీద మాత్రం గళ్ళు. నా మొహం చూసి గుమాస్తాగారు లేచొచ్చి తెరలోకి తొంగిచూశారు. ఆ గళ్ళు ఏమిటని అడిగారు. అక్కడ ఫైలు కదిలిందండీ అని చెప్పాను.

“చూశారా?” అన్నారాయన కళ్ళజోడు సర్దుకుంటూ. “కదల్లేదు, కదల్లేదు అని వచ్చినప్పుడల్లా గొడవ పెట్టుకుంటారు.”