చైనీస్ వస్తే జపనీస్ ఫ్రీనా?

ఈమధ్య మా బంధువుల గ్రూపులోనూ, ఆఫీసు గ్రూపులోనూ ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: "చైనీస్, జపనీస్ మన తెలుగు, కన్నడల్లాంటివి. అక్షరాలు ఒకటే, అర్థాలు ఒకటే, పలకడంలోనే తేడా. మాటలన్నీ చైనావే, జపాన్ అప్పు తెచ్చుకుంది. ఒకటి నేర్చుకుంటే రెండోది ఫ్రీ." మా పిన్ని అయితే ఇది చూసి, మనవడిని ఏ క్లాసులో చేర్చాలో నన్ను అడిగింది కూడా. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి జపనీస్‌తో కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి ఒక్కో ముక్కా తీసుకుని చెబుతాను.

"తెలుగు, కన్నడల్లాంటివి." కావు. తెలుగు, కన్నడ రెండూ ద్రావిడ కుటుంబానివి. చైనీస్‌ది సినో-టిబెటన్ కుటుంబం, జపనీస్‌కి దానితో చుట్టరికం లేదు. సుమారు 5వ శతాబ్దం నుంచి కొరియా మీదుగా చైనా అక్షరాలు జపాన్ చేరాయి, వాటితోపాటు వేల మాటలూ వచ్చాయి. పోలికే కావాలంటే తెలుగుకీ సంస్కృతానికీ ఉన్న సంబంధం చెప్పండి, కొంత దగ్గరగా ఉంటుంది.

"అక్షరాలు ఒకటే, అర్థాలు ఒకటే." అసలు గొడవంతా ఇక్కడే. చైనా అక్షరాల్లో ఒక్కోదానికీ ఒక అర్థం ఉంటుంది. 'చెయ్యి', 'కాగితం' అనే రెండు అక్షరాలు పక్కపక్కన రాస్తే జపాన్‌లో 'తెగామి', అంటే ఉత్తరం. అదే జంట చైనాలో టాయిలెట్ పేపర్. జపాన్‌లో కూతురు అనడానికి వాడే అక్షరం చైనాలో అమ్మకు వాడతారు. జపాన్‌లో చదువుకోవడాన్ని 'బెంక్యో' అంటారు. అవే అక్షరాలు చైనీయుడి కంటికి 'ఇష్టం లేకపోయినా తప్పక చేయడం'. (మా ఇంట్లో పదో తరగతి పిల్లాణ్ణి అడిగితే రెండు అర్థాలూ ఒకటే అంటాడు, అది వేరే సంగతి.) జపాన్ వాళ్లు రోజుకు యాభైసార్లు అనే 'దైజోబు', అంటే 'పర్లేదు'. చైనాలో ఆ మూడక్షరాలకు అర్థం ధీరుడైన మగవాడు. వాటిలో చివరి రెండు మాత్రమే రాస్తే మొగుడు. ఇక 'ప్రేమ', 'మనిషి' అక్షరాలు కలిపితే జపాన్‌లో ఐజిన్, చాటుమాటు సంబంధం ఉన్న వ్యక్తి. చైనాలో అదే మాటతో కట్టుకున్న భార్యనో భర్తనో పరిచయం చేస్తారు. ఈ ఒక్కటి తెలియక నవ్వులపాలయ్యేవాళ్లు తక్కువేమీ కాదు.

నా సంగతే చెబుతాను. ఒకసారి చైనాలో రైలు అందుకోవాలి. బోర్డు మీద 'ఆవిరి', 'బండి' అక్షరాలు కనబడ్డాయి. జపనీస్‌లో అది 'కిషా', పొగబండి. హమ్మయ్య అనుకుని పెట్టె లాక్కుంటూ బాణం గుర్తు వెంట పోతే బస్సుల మధ్య తేలాను. చైనాలో ఆ మాటకు అర్థం మోటారు వాహనం. రైలు మిస్సయింది.

తమాషా ఏమిటంటే ఈ అనుభవం మనకు కొత్త కాదు. తెలుగులో ఉపన్యాసం ఇస్తాం, హిందీలో ఉపన్యాస్ చదువుతారు, ఎందుకంటే అక్కడ అది నవల. మన 'అవసరం' వాళ్లకు అవకాశం. ఢిల్లీలో 'శిక్షా మంత్రాలయ్' బోర్డు చూస్తే తెలుగువాడికి జైళ్ల శాఖేమో అనిపిస్తుంది. మూలం ఒక్కటే అయినా, ఏ ఊరు చేరిన మాట ఆ ఊరి వాడుకలో పడిపోయింది.

దేశాల మధ్య ఇలాంటి తేడా వస్తే టెన్షన్ వేరేగా ఉంటుంది. 1972 సెప్టెంబరులో జపాన్ ప్రధాని తనాకా కకుయే బీజింగ్ వెళ్లారు. విందులో మాట్లాడుతూ, యుద్ధకాలంలో చైనా ప్రజలకు చాలా 'మేవాకు', అంటే ఇబ్బంది, కలిగించామన్నారు. ఆ అక్షరాలనే చైనాలో చదివితే 'తికమక పెట్టడం, మాయలో పడేయడం' అని వస్తుంది. దుభాషి అలా చదవకుండా 'మాఫన్' అన్నాడు. అదేమో మరీ తేలిక మాట, 'కాస్త ఇబ్బంది పెట్టాం' అన్నట్టు. లక్షల ప్రాణాలు పోయిన యుద్ధానికి అదా మాట? దారిన పోయే ఆడమనిషి బట్టల మీద నీళ్లు పడితే అనే మాట ఇది అని చైనా ప్రధాని చౌ ఎన్‌లై మొహం మీదే చెప్పేశారు. చివరికి 29న సంతకమైన ఉమ్మడి ప్రకటనలో ఆ మాట లేదు, జపాన్ తన బాధ్యతను గుర్తించి తీవ్రంగా ఆత్మవిమర్శ చేసుకుంటోందని రాసుకున్నారు.

"లిపి ఒకటే." ఇప్పుడు అదీ పూర్తిగా నిజం కాదు. జపాన్ 1940లలో కొన్ని అక్షరాలను తేలిక చేసుకుంది, చైనా 1956 నుంచి తన పద్ధతిలో ఇంకా ఎక్కువ తేలిక చేసింది. ఇందాకటి 'బండి' అక్షరానికి జపాన్‌లో ఏడు గీతలు, చైనాలో నాలుగే. తైవాన్, హాంకాంగ్‌లలో పాత రూపాలే నడుస్తున్నాయి. పైగా జపనీస్‌లో హిరగానా, కటకానా అని మరో రెండు లిపులు కలిపి రాస్తారు, అవి చైనీస్‌లో లేనే లేవు.

"మాటలన్నీ చైనావే." ఈ ముక్క రాసినవాళ్లకు చైనా చరిత్రే తెలిసినట్టు లేదు. 19వ శతాబ్దంలో పడమటి చదువులు వచ్చిపడినప్పుడు జపాన్ పండితులు పాత చైనా అక్షరాలతోనే కొత్త మాటలు కట్టారు. తత్త్వశాస్త్రానికి 'తెత్సుగకు' అన్న మాట నిషి అమానె కట్టింది. కొన్నిచోట్ల పాత మాటకే కొత్త అర్థం ఎక్కించారు. 'కెయిజాయ్' వెనక ఉన్న పాత చైనా పలుకుబడికి లోకాన్ని చక్కబెట్టి ప్రజలను ఆదుకోవడం అని అర్థం. జపాన్‌లో అది ఎకానమీ అయింది. 1895లో జపాన్ చేతిలో ఓడాక చైనా తన కుర్రాళ్లను అక్కడికి చదువుకు పంపింది. 1896లో వెళ్లింది పదమూడు మంది, పదేళ్లకల్లా వేలు. తిరిగొచ్చేటప్పుడు ఈ మాటలన్నీ మోసుకొచ్చారు. పేరున్న అనువాదకుడు యెన్ ఫు ఆర్థికశాస్త్రానికి 'లెక్కల విద్య', సమాజశాస్త్రానికి 'గుంపుల విద్య' అని సొంత మాటలు కట్టాడు. బాగానే ఉన్నాయి, కానీ జనం జపాన్ మాటలనే పట్టుకున్నారు. టెలిఫోన్‌ను మొదట్లో చైనాలో కొందరు 'ద-ల్యు-ఫంగ్' అని ఇంగ్లీషు మాటనే సాగదీసి పలికేవారు. చివరికి నిలిచింది జపాన్‌లో కట్టిన 'విద్యుత్తు', 'మాట' జంటే. అప్పు తెచ్చుకున్నవాడు వడ్డీతో సహా తీర్చాడన్నమాట.

"ఒకటి నేర్చుకుంటే రెండోది ఫ్రీ." చైనీయులు జపనీస్ నేర్చుకుంటే చదవడంలో ముందుంటారు, అది ఒప్పుకోవాలి. పేపరు తిరగేస్తే విషయం ఏమిటో ఊహించగలరు. కానీ నోరు తెరిస్తే ఆ సాయం అందదు. 'పుట్టుక' అనే ఒక్క అక్షరాన్ని చైనీస్‌లో షంగ్ అంటే సరిపోతుంది. జపనీస్‌లో దాన్నే మాటను బట్టి సే, షో, నామా, కి, ఇంకా చాలా రకాలుగా చదవాలి. వాక్యం సంగతి సరేసరి. చైనీస్‌లో 'నేను తిన్నాను అన్నం' వరస. జపనీస్‌లో 'వతాషి వ గొహన్ ఒ తబెమాష్త', అంటే 'నేను అన్నం తిన్నాను'. నామవాచకం వెనక ప్రత్యయం, క్రియ చివర. అందుకే పిన్నికి ఒకటే చెప్పాను: మనవడికి జపనీస్ వ్యాకరణంలో సగం పని వాడి తెలుగే చేసిపెడుతుంది, అక్షరాలు మాత్రం వాడే బట్టీ పట్టాలి.