ట్రైనర్‌ని మాట్లాడుకునే ముందు ఒక క్లాసు ఊరికే చూసి రండి

"కుక్కకి మంచి ట్రైనర్ ఎవరైనా ఉంటే చెప్పండి" అని ఎవరడిగినా వచ్చే జవాబులు ఒక్కలాగే ఉంటాయి. ఫలానా ఆయన పదిహేను రోజుల్లో దారిలో పెట్టేశాడట, ఫలానా చోట వదిలేస్తే నెలలో మాట వినేలా చేసి పంపిస్తారట. ఎన్ని రోజులు, ఎంత ఫీజు అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆ పదిహేను రోజుల్లో కుక్కకి ఏం జరుగుతుందని అడిగేవాళ్ళు కనపడరు. నా కోపమంతా దాని మీదే.

చాలా దేశాల్లో డాగ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఒక గొలుసు కొనుక్కుని రేపే మొదలుపెట్టొచ్చు. సర్టిఫికెట్లు లేకపోలేదు. కానీ రెండు రోజుల కోర్సుకి హాజరైతే చేతిలో పెట్టే కాగితం వేరు, పరీక్ష పెట్టి ఇచ్చేది వేరు. సీపీడీటీ-కేఏ అనే ట్రైనర్ల సర్టిఫికెట్ రెండో రకం: కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించి పరీక్ష పాసవ్వాలి. "మీ సర్టిఫికెట్ ఎవరిచ్చారు, పరీక్ష ఉందా" అని నిస్సంకోచంగా అడగండి. అయితే కాగితం ఒక్కటే చూసి డబ్బు కట్టేయకండి.

అసలు ప్రశ్న ఇది: కుక్క చెప్పినట్టు చేస్తే మీరేం చేస్తారు, చెయ్యకపోతే ఏం చేస్తారు? మొదటి సగానికి అందరూ "ట్రీట్ ఇస్తాం" అనే అంటారు. మనిషి బయటపడేది రెండో సగంలో. పని తెలిసిన ట్రైనర్ అయితే "చెయ్యలేదంటే అడిగింది దానికి కష్టమైందన్నమాట, గోల లేని చోటికి తీసుకెళ్ళి ఒక మెట్టు కిందనుంచి మళ్ళీ మొదలుపెడతాం" లాంటి మాట చెప్తారు. "కరెక్షన్ ఇస్తాం", "లీడర్ ఎవరో తెలిసేలా చేస్తాం" అన్నారంటే వదలొద్దు. కరెక్షన్ అంటే చేతల్లో ఏమిటి? గొలుసు గుంజడమా, గుంజితే మెడకి బిగుసుకునే చోక్ చైనా, ముళ్ళ కాలరా, షాక్ కాలరా? సూటిగా చెప్పడానికి తడబడే మనిషికి లీష్ ఇవ్వొద్దు.

దండం దశగుణం భవేత్ అన్నది కుక్కల దగ్గర చెల్లదు. కొడితే ఫలితం రాదని నేననడం లేదు, వస్తుంది. ఏం వస్తుందన్నదే భయం. ఎదురుగా ఇంకో కుక్కని చూసి మీ కుక్క అరవగానే మెడలో చైన్ బిగుసుకుందనుకోండి, నొప్పిని అది తన అరుపుతోనే ముడిపెట్టుకోవాలని లేదు, ఎదుటి కుక్కతో ముడిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఏ కుక్క కనపడినా ముందే విరుచుకుపడుతుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇంకా ప్రమాదం. గుర్రుమనడమంటే "దగ్గరికి రావద్దు" అని అది ఇచ్చే హెచ్చరిక. దెబ్బలు తిన్న కుక్క హెచ్చరిక మానేస్తుంది, లోపలి భయం ఎక్కడికీ పోదు. "ఏమీ అనకుండా ఉన్నట్టుండి కరిచింది" అని చెప్పుకునే కుక్కల్లో ఇలా నోరు నొక్కేసినవి ఉంటాయి.

"ఆల్ఫా" సిద్ధాంతం సంగతీ చెప్పుకోవాలి. గుంపులో మిగతావాటిని అణిచి ఉంచే నాయకుడు ఒకటి ఉంటుందని, కుక్క దగ్గర ఆ నాయకుడు మనమే కావాలని దాని వాదన. తోడేళ్ళ మీద రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త 1947లో రాసిన పరిశీలనతో అది ప్రచారంలోకి వచ్చింది. ఆయన చూసినవి బోనులో కలిపి ఉంచిన తోడేళ్ళు. అడవిలో గుంపంటే సాధారణంగా తల్లీ తండ్రీ, వాటి పిల్లలూ అని తోడేళ్ళ శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో రాశారు. అంతకుముందు ఆల్ఫా మాటని జనంలోకి తెచ్చినవాళ్ళలో ఆయనా ఒకరు! ఇప్పటికీ కుక్కపిల్లని వెల్లకిలా పడేసి అదిమిపట్టడం శిక్షణ అంటున్నారంటే కడుపు మండుతుంది. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికన్ పశువైద్యుల సంఘం ఏవీఎస్ఏబీ 2021లో తేల్చి చెప్పింది: దూకుడుగా ఉన్న కుక్కలతో సహా అన్నిటికీ బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని.

ఇక క్లాసు చూడటం. మీ కుక్కని ఇంట్లో వదిలి వెళ్ళండి. రావద్దంటే ఆ ట్రైనర్‌తో పని లేదు. వెళ్ళాక ట్రైనర్ మాటలు పక్కనపెట్టి, ఆయన దగ్గరికొచ్చినప్పుడు కుక్కలు ఏం చేస్తున్నాయో చూడండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, తినకపోయినా పెదాలు నాక్కోవడం, ముఖం తిప్పుకుని కంటి కొసలోంచి తెల్లగుడ్డు కనపడేలా చూడటం, తోక కాళ్ళ మధ్య పెట్టుకోవడం, ఇవి ఇబ్బంది గుర్తులు. ఒక్కసారి కనపడితే కంగారు లేదు, వరసగా కనపడితే ఆ క్లాసు మంచిది కాదు. కదలకుండా, చెవులు వెనక్కి వాల్చి, నేలకి అతుక్కుని కూర్చున్న కుక్కని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోకండి. ఏం చేసినా దెబ్బ తప్పదని తెలిసి ఏమీ చెయ్యడం మానేసిన కుక్క కూడా అలాగే ఉంటుంది.

ట్రైనర్ చెయ్యి కూడా చూడాలి. "సిట్" నేర్పేటప్పుడు పిర్ర నేలకి తగిలిన క్షణమే "యెస్" అనో, క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) నొక్కో గుర్తు ఇవ్వాలి, వెంటనే ట్రీట్ నోటికి అందాలి. సంచి వెతుక్కుంటూ మూడు సెకన్లు ఆలస్యం చేస్తే కుక్క అప్పటికే లేచి నిలబడి ఉంటుంది. అప్పుడు ట్రీట్ పడింది లేచినందుకు! ముక్క బఠానీ గింజంత ఉంటే చాలు, నమలకుండా మింగేసేలా మెత్తగా ఉండాలి. రోజు మొత్తంలో ట్రీట్ల వాటా తిండిలో పదోవంతు దాటకూడదు. ఒక్కో విడత ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడు విడతలు. ఇవి మీకు ఓపిగ్గా చెప్పి, మీ చేత చేయించి, మీ తప్పు దిద్దాలి. క్లాసంతా లీష్ ట్రైనర్ చేతిలోనే ఉంటే కుక్క నేర్చుకునేది ట్రైనర్ మాట వినడం మాత్రమే.

అందుకే కుక్కని నెలపాటు వదిలేసి రమ్మనే పద్ధతంటే నాకు అస్సలు పడదు. కుక్క ఒక చోట నేర్చుకున్నది ఇంకోచోట దానంతట అదే చెయ్యదు. అక్కడి నేల, అక్కడి మనిషి, అక్కడి వాసనలతో కలిపి నేర్చుకుంటుంది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు బాగానే ఉండి మళ్ళీ మొదటికొస్తుంది. పైగా నాలుగు గోడల మధ్య ఏం చేశారో చెప్పడానికి దానికి నోరు లేదు. తప్పనిసరై వదలాల్సొస్తే రోజూ కత్తిరించని వీడియో అడగండి, చెప్పకుండా వెళ్ళి చూసే వీలుందో లేదో కనుక్కోండి.

కుక్కపిల్ల విషయంలో "టీకాలన్నీ అయ్యాక, ఆరో నెలలో తీసుకురండి" అంటే అప్పటిదాకా ఆగకండి. కొత్త మనుషులకీ చప్పుళ్ళకీ అలవాటుపడే ముఖ్యమైన కాలం మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకే. మొదటి టీకా వేసి వారం దాటి, నులిపురుగుల మందు పట్టాక, ఏడెనిమిది వారాల నుంచే శుభ్రమైన పప్పీ క్లాసుకి వెళ్ళొచ్చని ఏవీఎస్ఏబీ అంటోంది. మిగతా కుక్కపిల్లల టీకా కార్డులు చూడని క్లాసైతే వద్దు.

పెద్ద కుక్క ఉన్నట్టుండి మారిపోతే ట్రైనర్ కన్నా ముందు పశువైద్యుడు. చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్ళ నొప్పి ఉంటే ముట్టుకోగానే కరుస్తుంది. దానికి శిక్షణ ఏం చేస్తుంది? కాట్ల కేసు విని "ముందు డాక్టర్‌కి చూపించారా" అని అడిగే ట్రైనర్‌ని నమ్మొచ్చు. "గ్యారంటీగా మానిపిస్తా" అనేవాళ్ళని నమ్మొద్దు. ప్రాణమున్న దానికి గ్యారంటీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

ఇన్ని చూసుకున్నా పొరపాటు జరగొచ్చు. క్లాసు మధ్యలో మీ కుక్కని గుంజడమో, కాలితో తన్నడమో కనపడితే, అందరూ చూస్తున్నారని మొహమాటపడకండి. లీష్ మీ చేతిలోకి తీసుకుని బయటికి వచ్చేయండి. కట్టిన ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.