ఇంకో కళాకారుల సంఘం కావాలి

తిరుపతి జిల్లాలో కలంకారీ కళాకారుల ఆర్థిక ప్రయోజనాల కోసం ఇంకో సంఘం తక్షణం కావాలి. ఉన్న సంఘాల్లో అధ్యక్ష పదవులు ఖాళీ లేవు.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి. లెక్క సరిపోయింది. ఎనిమిదోవాడు ఉత్త సభ్యుడిగా ఉండాలి కాబట్టి రాడు.

బైలాస్ ఏదైనా పాత సంఘం నుంచి తెచ్చి పేరు మార్చుకోవాలి. మార్చడం మరిచిన చోట 'పాల ఉత్పత్తిదారులు' అని మిగిలిపోయినా పర్వాలేదు, గుడ్డను నానబెట్టేది కరక్కాయ కలిపిన పాలలోనే కదా. కోరం ఎంత, చెక్కుమీద ఎవరెవరు సంతకం చేయాలి, లెక్కలు ఎవరు తనిఖీ చేయాలి అన్న గళ్ళు ఖాళీగా వదలడం శ్రేయస్కరం. నింపితే అడిగేవాళ్ళు తయారవుతారు.

ధరల పట్టిక జోలికి మాత్రం పోవద్దు. ఇప్పుడు చీరకు వెల కట్టేటప్పుడు గుడ్డ, కరక్కాయ, పటిక, రంగులు, కలం పట్టిన కూలి రాస్తారు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరి కసిమి అనే నలుపు రంగు దిగడానికి పట్టే పదిహేను ఇరవై రోజులు రాయరు. నిలవ నీళ్ళలో ఉతికితే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుతుంది, పారే నీళ్ళు కావాలి. స్వర్ణముఖి నది ఎండి పని ఆగిన రోజులూ రాయరు. ముసురుకు ఆరని గుడ్డ సంగతి సరేసరి. ఇవన్నీ కలిపి అందరూ ఒకే కనీస ధర చెబితే, కొనేవాడు పక్క వీధిలో తక్కువకు బేరం కుదుర్చుకుంటాడు. ఆ వీధిలో ఉండేది మన ఉపాధ్యక్షుడే. సగం అడ్వాన్సు లేనిదే కలం ముట్టం అని తీర్మానిస్తే, 'అమ్ముడుపోయాక ఇస్తాం' అనే దుకాణానికి మొదట సరుకు దింపేది రెండో ఉపాధ్యక్షుడు.

శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెల్లుతుందనే ముద్ర, వచ్చింది. దాన్ని వాడుకోవాలంటే ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. సభ్యుల చేత ఫారాలు నింపించడం, స్క్రీన్ ప్రింటును చేతిపని అని అమ్మేవాళ్ళ దగ్గర బిల్లు, గుడ్డ ముక్క సంపాదించి ఫిర్యాదు పెట్టడం సంఘం చేయగల పనులు. వీటికి పేపర్లో ఫొటో రాదు గనక అజెండాలో చివర పెట్టి, ఆలోపే భోజనాలు వడ్డించాలి.

సన్మానం తిరుపతిలో ఘనంగా జరపాలి. పెద్దాయనకు కప్పేది కలంకారీ శాలువానే కావాలి. బడ్జెట్ చాలకపోతే స్క్రీన్ ప్రింటుది తెచ్చినా కింద కూర్చున్నవాళ్ళకు తేడా తెలియదు. ఆ బిల్లు మాత్రం ఫిర్యాదుల ఫైల్లోకి పోకుండా చూసుకోవాలి.